స్పెసిమెన్లతో విమానం ఎక్కొచ్చా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జువాలజీ, బోటనీ, అగ్రికల్చర్ పీజీ పిల్లలు, వాళ్ల గైడ్లు, బోన్ సెట్ (అనాటమీ చదువుకి వాడే మనిషి ఎముకలు) ఎలా తీసుకెళ్లాలో తెలియని ఎంబీబీఎస్ విద్యార్థులు, బయాప్సీ డబ్బా చేతికిచ్చి "హైదరాబాద్ తీసుకెళ్లండి" అంటే ఏం చేయాలో తోచని బంధువులు, వీళ్లంతా అడిగేవి కలిపి ఒక్కచోట రాశాను. స్పెసిమెన్ అంటే చదువుకో పరీక్షకో భద్రపరిచిన జీవి, లేదా దాని ముక్క. చదివే ముందు ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. విమానం వాళ్ల పేచీ సీసాలో పోసిన ద్రవంతో, ప్రభుత్వం పేచీ సీసాలో ఉన్న జీవితో. ఈ రెండూ వేరు వేరు. ఒకదానికి జవాబు దొరగ్గానే రెండోది కూడా తీరిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు.

అసలు స్పెసిమెన్లు విమానంలో తీసుకెళ్లనిస్తారా?

తీసుకెళ్లనిస్తారు. సీసాలో చచ్చిన కప్ప కనిపిస్తే పోలీసులకి అప్పగిస్తారని హాస్టళ్లలో చెప్పుకునే కథలు నమ్మకండి. అలాగని ల్యాబ్ అలమరాలో ఉన్న గాజు సీసాని ఉన్నది ఉన్నట్టు బ్యాగులో పెట్టేసుకుని వెళ్లిపోకండి, అది కచ్చితంగా ఆపేస్తారు. ప్రమాదకర వస్తువుల విషయంలో ప్రపంచమంతా ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ), అయాటా (విమాన సంస్థల సంఘం) నిబంధనలు నడుస్తాయి, మన దేశంలో విమానాల్ని నియంత్రించే డీజీసీఏ కూడా ఐకావో నిబంధనల్నే పాటిస్తుంది. వాటిలో స్పెసిమెన్ల కోసమే రాసిన మినహాయింపు ఒకటుంది, దాని పేరు స్పెషల్ ప్రొవిజన్ ఏ180. అందులో చెప్పినట్టు ప్యాక్ చేస్తే ఆ ప్యాకెట్ ప్రమాదకర వస్తువుల లెక్కలోకే రాదు. హ్యాండ్ బ్యాగులోనూ పెట్టొచ్చు, చెక్-ఇన్‌లోనూ వేయొచ్చు.

ఆ ఏ180లో ఏముంది?

జబ్బులు అంటించే అవకాశం లేని స్పెసిమెన్లు అయ్యుండాలి, ఇది మొదటి షరతు. జంతువులు, పక్షులు, కప్పలు, పాములు, బల్లులు, చేపలు, పురుగులు, వెన్నెముక లేని మిగతా జీవులు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇక ప్యాకింగ్. స్పెసిమెన్‌ని ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డలోగానీ పేపర్ టవల్‌లోగానీ చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేడితో సీల్ చేయాలి, ఆ సంచిలో విడిగా కదిలే ద్రవం 30 మిల్లీలీటర్లు దాటకూడదు. లేదంటే చిన్న వయల్‌లోనో గట్టి డబ్బాలోనో పెట్టొచ్చు, అక్కడా అదే 30 మిల్లీలీటర్ల హద్దు, ఆ వయల్‌ని కూడా సంచిలో పెట్టి సీల్ చేయాల్సిందే. తర్వాత ఈ సంచిని ఇంకో సంచిలో పెట్టి, రెండింటి మధ్య కారితే పీల్చుకునే దూదో పేపరో వేసి, దాన్ని కూడా వేడితో సీల్ చేయాలి. ఇదంతా ఒక గట్టి పెట్టెలో, కుదుపులకి కదలకుండా మెత్తటి సామాను వేసి సర్దాలి. ఒక పెట్టెలో మొత్తం మండే ద్రవం ఒక లీటరు దాటకూడదు.

చివరగా పెట్టె మీద "సైంటిఫిక్ రీసెర్చ్ స్పెసిమెన్స్, నాట్ రిస్ట్రిక్టెడ్, స్పెషల్ ప్రొవిజన్ ఏ180 అప్లైస్" అని ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాయాలి. ప్యాకింగంతా చక్కగా చేసి ఇది రాయడం మర్చిపోయేవాళ్లున్నారు. కౌంటర్లో కూర్చున్న మనిషికి మీ ప్యాకింగ్ లోపల ఎలా ఉందో కనబడదు, ఆ మనిషి చదవగలిగేది ఈ ఒక్క ముక్కే.

30 మిల్లీలీటర్లలో నా చేప మునగదు కదా?

మునగక్కర్లేదు. నెలల తరబడి ఆల్కహాల్లో ఉన్న స్పెసిమెన్ కండ లోపలిదాకా ఆల్కహాల్ పీల్చుకుని ఉంటుంది, దాన్ని బయటికి తీసి తడిగుడ్డలో చుట్టి గాలి చొరబడకుండా సీల్ చేస్తే ప్రయాణానికి పట్టే రోజో రెండ్రోజులో దానికేమీ కాదు. మ్యూజియంల మధ్య స్పెసిమెన్లు అరువు మీద తిరిగేది కూడా ఎక్కువగా ఇలాగే.

పద్ధతి చెప్తాను. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం చేపని తీసి ఒక జల్లెడ మీద కాసేపు వదిలేయండి, నోట్లోంచి, మొప్పల్లోంచి, పొట్టకి గాటు పెట్టి ఉంటే అందులోంచి కారాల్సిందంతా కారిపోతుంది. మెడికల్ షాపులో దొరికే గాజ్ గుడ్డని 70 శాతం ఇథనాల్‌లో ముంచి, పిండి, రెక్కలు విరగకుండా చుట్టండి. గాజ్ లేకపోతే పాత నూలు పంచె చింపితే చాలు (పొందూరు ఖద్దరు చింపకండి, దాని ఖరీదుకి ఇంకో టికెట్ వస్తుంది). ముళ్లున్న చేప అయితే, మన జెల్లలాంటివి, ముల్లు కొనకి చిన్న స్పాంజి ముక్క గుచ్చండి, లేకపోతే సంచికి చిల్లు పడుతుంది. సీల్ చేసే ముందు సంచిలో గాలి నొక్కి తీసేయండి, ఎందుకంటే పైన ఎగిరేటప్పుడు క్యాబిన్లో ఒత్తిడి సుమారు 6000 నుంచి 8000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది, సంచిలో మిగిలిన గాలి ఉబ్బి సీల్ మీద పడుతుంది.

లేబుల్ స్పెసిమెన్‌తోపాటే గుడ్డలో ఉండాలి, పెన్సిల్‌తో రాసి ఉండాలి. బాల్ పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌కి సిరా కరిగిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో తెలియని చేప సైన్సుకి పనికిరాదు, దాన్ని అంత కష్టపడి మోసుకెళ్లడం దండగ.

డీఎన్ఏ కోసం చిన్న ట్యూబుల్లో పెట్టినవి?

ఇవి ఇంకా సులువు. 2 మిల్లీలీటర్ల ట్యూబులో ఒకటిన్నర మిల్లీలీటర్ల ఇథనాల్ ఉందనుకోండి, వంద ట్యూబులకి 150 మిల్లీలీటర్లు, లీటరు హద్దుకి ఎంతో దూరం. నొక్కుడు మూత ట్యూబులు వద్దు, మర మూత ఉన్నవి వాడండి. ఇంకా భయమైతే బయల్దేరేముందు ఆల్కహాల్ ఒంపేసి తడి మాత్రం మిగల్చండి, దిగాక మళ్లీ పోసుకోవచ్చు. ఆకులైతే ఆ గొడవే లేదు, సిలికా జెల్‌లో ఎండబెట్టి తీసుకెళ్లండి.

వేడితో సీల్ చేయాలంటున్నారు, మా కాలేజీలో ఆ మిషన్ లేదు. జిప్ సంచి చాలదా?

జిప్ సంచి చాలదు, నిబంధనలో వేడి సీల్ అనే ఉంది. మిషన్ కోసం వైజాగ్ దాకా పోనక్కర్లేదు. పలాస, కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాక్ చేసే ఏ షాపులో అడిగినా చేత్తో నొక్కే సీలింగ్ మిషన్ ఉంటుంది, విజయనగరంలో స్వీటు షాపుల్లోనూ, పచ్చళ్లు అమ్మే చోటా ఉంటుంది. మందపాటి సంచి వాడండి, పక్కపక్కనే రెండు గీతలు సీల్ వేయండి, నీళ్లు పోసి ఒకసారి తలకిందులు చేసి చూసుకున్నాకే స్పెసిమెన్ పెట్టండి. అయితే షాపువాళ్లకి లోపల ఏముందో ముందే చెప్పండి. తినే సరుకు పెట్టే బల్ల మీద చచ్చిన కప్ప పెడితే ఎవరూ ఊరుకోరు, మిషన్ కాసేపు అరువడిగి బయట చేసుకోవడం మర్యాద.

ఫార్మలిన్‌లో ఉన్నవాటిని అలాగే తీసుకెళ్లొచ్చా?

ఇక్కడ అంకెలు జాగ్రత్తగా చూడాలి. ల్యాబులో కొనే ఫార్మలిన్ సీసాలో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. 25 శాతం, ఆపైన ఉన్నది ఒంటిని కాల్చే రసాయనం కింద లెక్క, బ్యాగులో పెట్టడానికి వీల్లేదు. 10 నుంచి 25 మధ్య ఉన్నదానికీ విమానంలో ఆంక్షలున్నాయి. 10 శాతం కన్నా తక్కువ ఉంటే ప్రమాదకర వస్తువు కాదు. మనం మామూలుగా వాడే "10 శాతం ఫార్మలిన్" అంటే అసలు ఫార్మలిన్‌ని పది వంతులకి పలచన చేసింది, అందులో ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. కాబట్టి కాగితం మీద అది ఒప్పే.

అయినా నా సలహా, ఫార్మలిన్‌తో విమానం ఎక్కొద్దు. మూసిన క్యాబిన్లో రెండు చుక్కలు కారినా పక్కన కూర్చున్నవాళ్ల కళ్లు మండిపోతాయి, పైగా అది క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగమే తేల్చింది. స్పెసిమెన్ గట్టిపడ్డాక ఫార్మలిన్ ఒంపేసి, ఒక రోజంతా నీళ్లు మారుస్తూ కడిగి, మెల్లగా 70 శాతం ఇథనాల్‌కి మార్చి, అప్పుడు పైన చెప్పినట్టు చుట్టండి. ఈ పని ప్రయాణం ముందురోజు మొదలుపెట్టేది కాదు, కనీసం వారం ముందు మొదలుపెట్టండి.

మందు 5 లీటర్ల దాకా ఒప్పుకుంటారు, ల్యాబు ఇథనాల్ ఒక అర లీటరు ఎందుకు ఒప్పుకోరు?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు! ఆ 5 లీటర్ల సడలింపు 24 నుంచి 70 శాతం మధ్య ఆల్కహాల్ ఉండి, షాపులో కొన్న సీలు విప్పని తాగే మద్యానికి. 70 దాటితే తాగేదైనా సరే ఒప్పుకోరు. ల్యాబు స్పిరిట్ తాగేది కాదు, మండే ద్రవం, అంతే. దారిలో తగ్గితే పోసుకుందామని విడిగా సీసా పెట్టుకోవద్దు. మీరు వెళ్లే ల్యాబువాళ్లకి ముందే మెయిల్ రాసి, దిగేసరికి ఇథనాల్, ఖాళీ సీసాలు సిద్ధంగా ఉంచమనండి.

హ్యాండ్ బ్యాగా, చెక్-ఇన్ బ్యాగా?

మళ్లీ దొరకనివి, అంటే డీఎన్ఏ ట్యూబులు, పారఫిన్ బ్లాకులు, ఒక్కటే దొరికిన పురుగు లాంటివి, చేతిలోనే ఉంచుకోండి. గుడ్డలో చుట్టిన చేపలు, పెద్ద ప్యాకెట్లు చెక్-ఇన్‌లో వేయండి. విదేశీ ప్రయాణంలో హ్యాండ్ బ్యాగులో ద్రవాలకి 100 మిల్లీలీటర్ల డబ్బా, లీటరు పారదర్శక సంచి అనే నియమం వీటికీ వర్తిస్తుంది, 30 మిల్లీలీటర్ల వయల్ ఎలాగూ అందులో ఇముడుతుంది. కత్తులు, కత్తెరలు, డిసెక్షన్ బాక్స్ మాత్రం చెక్-ఇన్‌లోకే. ఇది తెలిసిన విషయమే, అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోర్సెప్స్ డబ్బాలో స్కాల్పెల్ మర్చిపోతారు.

ఎయిర్‌పోర్టులో ఆపితే ఏం చేయాలి?

టెన్షన్ పడకండి, ఆపుతారనే అనుకుని వెళ్లండి. శ్రీకాకుళం నుంచి బయల్దేరేవాళ్లు మామూలుగా పెట్టుకునే టైముకి ఇంకో గంట కలుపుకోండి. (వైజాగ్ నుంచి ఎక్కినా, భోగాపురం నుంచి ఎక్కినా రూల్సులో తేడా ఉండదు.) స్క్రీన్ మీద చేప ముల్లో ఎలక ఎముకలో కనబడితే తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ వాళ్లు అడగడం వాళ్ల డ్యూటీ. అడిగేది హిందీలోనే కావచ్చు, ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి: ఇవి పరిశోధన కోసం భద్రపరిచిన చనిపోయిన స్పెసిమెన్లు, ఏ180 ప్రకారం ప్యాక్ చేశాం, కాగితాలు ఇవిగో. "కెమికల్" అనే మాటతో మొదలుపెట్టకండి, "శాంపిల్" అని ఊరుకోకండి, ఏమిటో సూటిగా చెప్పండి.

కాగితాలంటే కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్ఓడీ సంతకంతో ఒక లేఖ, స్పెసిమెన్ల జాబితా, ఏ180 ఉన్న పేజీ ప్రింటు, విమాన సంస్థకి మీరు ముందే రాసిన మెయిల్, వాళ్ల జవాబు. ఈ జవాబు చాలా విలువైనది. నిబంధన ప్రకారం ఏ180 ప్యాకెట్‌కి విమాన సంస్థ ముందస్తు అనుమతి అక్కర్లేదు, కానీ ప్రతి సంస్థకీ ఇంతకన్నా కఠినంగా ఉండే హక్కుంది, పైగా కౌంటర్లో ఉన్న కొత్త ఉద్యోగికి ఏ180 అనేది సీటు నంబరులా వినిపించొచ్చు. సూపర్‌వైజర్‌ని పిలవమని మర్యాదగా అడగండి. వాదన పెంచితే విమానం వెళ్లిపోతుంది, మీరు గెలిచినా లాభం లేదు. ఒకవేళ ససేమిరా అంటే ప్యాకెట్ వెనక్కి తీసుకెళ్లడానికి ఒక మనిషి బయట ఉండేలా చూసుకోండి.

ఎండిన పురుగులు, హెర్బేరియం షీట్లు (ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్కలు)?

ద్రవం లేదు కాబట్టి విమానం వాళ్లకి పెద్దగా అభ్యంతరం ఉండదు. కానీ ఇన్‌సెక్ట్ బాక్సులో మూలన పెట్టే నాఫ్తలీన్ ఉండలు తీసేయండి, నాఫ్తలీన్ మండే ఘనపదార్థాల జాబితాలో ఉంది. పురుగుల్ని చంపే జార్, అందులో పోసే ఇథైల్ అసిటేట్ అసలు వద్దు. సూదులు గుచ్చిన బాక్సుని ఇంకో పెద్ద పెట్టెలో నాలుగువైపులా స్పాంజి వేసి పెట్టండి. ఒక్క పెద్ద పేడపురుగు ఊడిందంటే అది బాక్సంతా దొర్లి మిగతావాటి కాళ్లు, మీసాలు విరగ్గొట్టేస్తుంది, కాబట్టి బరువైనవాటికి రెండువైపులా అదనంగా రెండు సూదులు గుచ్చండి.

డ్రై ఐస్?

విమాన సంస్థ ముందస్తు అనుమతితో మనిషికి 2.5 కిలోల దాకా. పెట్టె మూత టేపుతో బిగించేయకూడదు, గ్యాస్ బయటికి పోవాలి, లేకపోతే పెట్టె పేలుతుంది. పైన డ్రై ఐస్ అని, బరువు ఎంతో రాయాలి. శ్రీకాకుళంలో డ్రై ఐస్ దొరకడమే కష్టం, అది చూసుకుని ప్లాన్ చేసుకోండి.

బయాప్సీ ముక్క, బ్లాకులు, స్లైడ్లు మాతో తీసుకెళ్లమన్నారు. ఎలా?

ఈ మధ్య ఎక్కువగా వచ్చేది ఈ ప్రశ్నే, అడిగేవాళ్లు సైన్సు వాళ్లు కాదు, కంగారులో ఉన్న మనుషులు, అందుకే వివరంగా చెప్తాను.

పారఫిన్ బ్లాకులంటే మైనంలో పోతపోసిన కణజాలం. అవి ద్రవం కాదు, మండే ద్రవాల్లాంటివి కావు, జబ్బు అంటించేవి కావు. స్లైడ్లు కూడా అంతే. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, డాక్టరు లేఖ, పాత రిపోర్టు కాపీతో పాటు హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. చెక్-ఇన్‌లో వేయొద్దు, బ్యాగు పోతే మళ్లీ బయాప్సీ చేయించుకోవాల్సింది పేషెంటే. వాటి అసలు శత్రువు వేడి. ఆ మైనం 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మే నెలలో హైవే మీద టీకి ఆగి కారు అద్దాలు మూసి ఎండలో వదిలేస్తే లోపల డ్యాష్‌బోర్డు దాదాపు అంత వేడెక్కుతుంది. టీ తాగేటప్పుడు కూడా డబ్బా మీతోనే ఉండాలి. బ్లాకులన్నీ ఒకేసారి ఇచ్చేయకుండా ఒకటి మన ఆసుపత్రిలో ఉంచమని అడగడం మంచిది. క్యాన్సర్ కేసులైతే రెండో అభిప్రాయానికి ముంబై టాటా క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లేముందు, అదే సంస్థ కిందున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన వైజాగ్ అగనంపూడిలోనే ఉందని చాలామందికి తెలియదు, అక్కడ కనుక్కోండి. విమానమే అక్కర్లేకపోవచ్చు.

ఫార్మలిన్ డబ్బాలో ఉన్న ముక్క అయితే డబ్బా మూత బిగించి టేపు చుట్టి, దూదితో సంచిలో, ఆ సంచి ఇంకో గట్టి డబ్బాలో. డబ్బా మీద పేషెంటు పేరు, తేదీ, లోపల ఎంత శాతం ఫార్మలిన్ ఉందో రాయించుకోండి.

ఉద్దానం వైపు నుంచి కిడ్నీ బయాప్సీల గురించి అడుగుతుంటారు. సోంపేట, కవిటి, కంచిలి, మందస ప్రాంతాల్లో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు కాబట్టి ఈ శాంపిళ్ల విలువ ఒక్క పేషెంటుతో ఆగేది కాదు. కిడ్నీ ముక్కని సాధారణంగా మూడు భాగాలు చేస్తారు. ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి ఇమ్యూనోఫ్లోరెసెన్స్ పరీక్షకి మిషెల్స్ ద్రవంలో, ఒకటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి గ్లూటరాల్డిహైడ్‌లో. ఈ మూడు సీసాలూ ఒకదానితో ఒకటి కలవకూడదు. మిషెల్స్‌లో ఉన్నదాంట్లో ఫార్మలిన్ పడితే ఆ పరీక్ష ఇక చేయలేరు. దారిలో మూతలు విప్పి చూడకండి, ఒకదాంట్లో ద్రవం తక్కువైందని ఇంకోదాంట్లోంచి పోయకండి, ఫ్రీజర్లో పెట్టకండి.

రక్తం, కళ్లె లాంటి శాంపిళ్లు?

జబ్బు అంటించే అవకాశమున్న శాంపిళ్లు ప్రయాణికుల బ్యాగుల్లో నిషేధం. కేటగిరీ బి కింద, అంటే యూఎన్3373 గుర్తుతో వెళ్లేవి కూడా నిషేధమే. అవి మూడు పొరల ప్యాకింగ్‌లో కార్గోగా వెళ్లాలి, మన ఊళ్లలో ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్లు రోజూ పంపేది అలాగే. తెలిసిన టెక్నీషియన్ ఐస్ డబ్బాలో పెట్టి మీ చేతికిచ్చినా పట్టుకెళ్లకండి.

మెడికోని, రాగోలు మెడికల్ కాలేజీ నుంచి ఇంటికి బోన్ సెట్ తీసుకెళ్లాలి.

దేశంలోపల అయితే ప్రిన్సిపాల్ లేదా అనాటమీ విభాగం లేఖ, మీ ఐడీ కార్డు ఉంటే సరిపోతుంది. చెక్-ఇన్‌లో వేయండి. పుర్రెని హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంటే స్క్రీన్ దగ్గర క్యూ మొత్తం ఆగుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు మిమ్మల్ని చూసే చూపు వేరు. సీనియర్ దగ్గర కొన్న సెట్ అయితే అది కాలేజీ లెక్కల్లో ఉన్నదేనా అని ముందు కనుక్కోండి, లెక్కలో లేని ఎముకలకి ఎవరూ లేఖ ఇవ్వరు. విదేశంలో ఎంబీబీఎస్‌కి వెళ్తూ ఇక్కడి బోన్ సెట్ పట్టుకెళ్దామనుకుంటే మానుకోండి. మనిషి ఎముకల ఎగుమతిని మన దేశం 1985లోనే నిషేధించింది. ప్లాస్టిక్ మోడల్ కొనుక్కోండి.

బీచ్‌లో ఏరుకున్నవి? కళింగపట్నం గవ్వలు, భావనపాడులో దొరికిన తాబేలు డిప్ప...

డిప్ప అక్కడే వదిలేయండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చింది కదా అంటే చట్టం ఒప్పుకోదు. వలలో పడే సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా 2001 నుంచి అదే జాబితాలో ఉన్నాయి. పగడపు ముక్కలూ అంతే. మామూలు చిన్న గవ్వలు సరే, కానీ పెద్ద శంఖాల్లో కొన్ని జాతులకి రక్షణ ఉంది, పేరు తెలియకపోతే సూట్‌కేసులో పెట్టొద్దు. నెమలి ఈకలు ఇంట్లో పెట్టుకోవడం వేరు, దేశం దాటించడం వేరు, రెండోది నిషేధం. వలస పక్షులు దిగే తేలినీలాపురంలో చెట్ల కింద రాలిన గుడ్డు పెంకులు, ఈకలు పిల్లలు సరదాగా ఏరుతారు, పిల్లల చేతిలో నుంచి కింద పెట్టించి ఇంటికి రండి.

పీహెచ్‌డీ పని మీద సేకరించాం. దేశంలోపల ఏ అనుమతులు కావాలి?

రక్షిత జాతి అయినా, అభయారణ్యం లోపల సేకరించినదైనా, ఛీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి సేకరణకి ముందే ఉండాలి, మొదటి షెడ్యూల్ జాతులకి కేంద్రం దాకా వెళ్లాలి. 2022 సవరణ తర్వాత షెడ్యూళ్లు పూర్తిగా మారాయి. పాత పుస్తకంలో నాలుగో షెడ్యూల్ అని ఉన్నది ఇప్పుడు ఇంకో షెడ్యూల్లో ఉండొచ్చు, కాబట్టి మీ గైడ్ గుర్తుంచుకున్న జాబితాని నమ్మకండి, కొత్తది దించుకుని చూడండి. నాగావళి, వంశధారల్లో దొరికే మామూలు పరక చేపలకి, కొబ్బరి మీద తెల్లదోమకి, జీడిమామిడి కాండం తొలిచే పురుగుకి ఈ గొడవ ఉండదు. అనుమతి పత్రం కాపీ స్పెసిమెన్‌తో పాటే ప్రయాణం చేయాలి, ఇంట్లో ఫైల్లో కాదు.

గుర్తింపు కోసం విదేశీ మ్యూజియంకి తీసుకెళ్లాలి. ఏం చేయాలి?

ముందు మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న, నిజంగా విదేశానికే తీసుకెళ్లాలా? కోల్‌కతాలో 1916 నుంచి జువలాజికల్ సర్వే ఉంది, హైదరాబాదులో దాని మంచినీటి జీవుల కేంద్రం, ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకెళ్తే గోపాల్‌పూర్‌లో నదీముఖాల జీవుల కేంద్రం ఉన్నాయి. మొక్కలకి హైదరాబాదులో బొటానికల్ సర్వే కేంద్రం ఉంది. మంచి ఫొటోలు, ఒక డీఎన్ఏ సీక్వెన్స్ మెయిల్లో పంపితే సగం సమస్యలు తీరిపోతాయి.

తప్పదంటే జీవవైవిధ్య చట్టం, 2002 చూడాలి. మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు, వాటి భాగాలు అన్నీ దాని కింద జీవ వనరులే. పరిశోధనకి దేశం దాటించాలంటే చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి ముందుగా తీసుకోవాలి. చట్టానికి 2023లో సవరణ వచ్చింది, తర్వాత నియమాలు, ఫారాలు కూడా మారాయి, సీనియర్ నింపిన పాత ఫారం జిరాక్సు తీసి నింపొద్దు. దరఖాస్తుకి నెలలు పడుతుందనే లెక్కలో టికెట్ బుక్ చేసుకోండి. కొత్త జాతి అని తేలితే టైప్ స్పెసిమెన్ (ఆ జాతి పేరుకి ఆధారమైన అసలు నమూనా) మన దేశంలోని గుర్తింపు పొందిన రిపాజిటరీలోనే జమ చేయాలి, దాన్ని బయట మ్యూజియంకి బహుమతిగా ఇచ్చి రాకూడదు.

ఆర్కిడ్లు, పగడాలు లాంటివి సైటిస్ (ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం కింద ఉంటే దాని పర్మిట్ వేరే. అవి అన్ని ఎయిర్‌పోర్టుల నుంచీ వెళ్లవు, కేంద్రం నిర్దేశించిన కొన్నింటి నుంచే వెళ్లాలి.

అమెరికాలో దిగాక?

డిక్లేర్ చేయండి. చచ్చినదైనా, ఎండినదైనా, సీసాలో ఉన్నదైనా వన్యప్రాణే, అక్కడి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఫారం 3-177 నింపాలి. అక్కడ 1900 నుంచి లేసీ యాక్ట్ అని ఒకటుంది, మన దేశంలో చట్టం తప్పి సేకరించింది వాళ్ల దేశంలోకి తెస్తే అక్కడ కూడా నేరమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇంకా కఠినం. దాచి దొరికితే జరిమానా, చెప్పి ఆపితే మహా అయితే స్పెసిమెన్ పోతుంది.

ఎక్స్-రేలో స్పెసిమెన్ పాడవుతుందా?

పాడవదు.

ఇంత గొడవెందుకు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ట్రైన్ ఎక్కేస్తే పోదా?

కోల్‌కతాకైతే నేనూ ట్రైనే ఎక్కమంటాను, హౌరా లైను మన ముంగిట్లోంచే వెళ్తుంది. కానీ రైల్లో కూడా మండే ద్రవాలు తీసుకెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం, అక్కడ తనిఖీ తక్కువ కాబట్టి ఎవరూ అడగరు, అంతే తేడా. ట్రైన్లో వెళ్లినా ఏ180 పద్ధతిలోనే ప్యాక్ చేయండి. కొరియర్ వాళ్లకి ఇస్తే లోపల ఏముందో దాచకుండా రాసివ్వండి, చాలామంది తీసుకోరు, తీసుకునేవాళ్లని ముందే వెతుక్కోండి.

అదే సూట్‌కేసులో మా అమ్మ పెట్టిన మెత్తళ్లు, ఆవకాయ పెట్టొచ్చా?

వద్దు. ఆల్కహాల్ వాసన ఎండుచేపలకి పడుతుంది, ఎండుచేపల వాసన మీ గుడ్డలకి పడుతుంది, ఎండుచేపలకి వచ్చే పురుగు హెర్బేరియం షీట్లకీ పాకొచ్చు. పైగా విదేశంలో కస్టమ్స్ అధికారి సూట్‌కేసు తెరిస్తే ఒక సంచిలో తినే చేప, ఇంకో సంచిలో తినకూడని చేప కనిపిస్తాయి, ఏది ఏదో తేలేదాకా రెండూ పక్కన పెడతాడు. వేరే బ్యాగు తీసుకోండి, మెత్తళ్లని కూడా డిక్లేర్ చేయండి.